పీటీఎస్‌డీకి హిప్నోథెరపీ: ముందు భద్రత, తర్వాతే జ్ఞాపకం

పీటీఎస్‌డీ అంటే ఘోరమైన ఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య. హిప్నోథెరపీ అంటే మనిషిని ట్రాన్స్‌లోకి, అంటే లోతైన ఏకాగ్రత స్థితిలోకి, తీసుకెళ్లి చేసే చికిత్స. ఇది అసలు చికిత్సకు తోడు మాత్రమే. సైకియాట్రిస్టు పరీక్ష ముందే జరగాలి. సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) ఉంటే వద్దు.

థెరపిస్టుగా మీరు తొలి సెషన్లలో ఘటన జోలికే పోకండి. కళ్లు మూసుకుంటే భయపడేవాళ్లుంటారు, తెరిచే ఉంచనివ్వండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలమనండి. ఊహించుకోవడానికి మనసు కుదుటపడే చోటును బాధితులే ఎంచుకోవాలి. వాళ్లు చేయెత్తితే ఆపేయాలని ముందే ఒప్పందం చేసుకోండి.

తర్వాతే ఘటనను దూరంగా ఉన్న చిన్న టీవీలో, శబ్దం లేకుండా, రిమోట్ తమ చేతిలోనే ఉన్నట్టు చూడమనండి. బాధ పదికి 7 దాటితే తెర ఆపించి, పాదాలు నేలకు ఆనించి, గదిలోని ఐదు వస్తువుల పేర్లు చెప్పించండి.

“అతని చేతిలో కత్తి ఉందా?” లాంటి జవాబును సూచించే ప్రశ్న ఎన్నడూ అడగొద్దు. ట్రాన్స్‌లో ఉన్నప్పుడు జరగనిదానికి కూడా జ్ఞాపకం పుట్టొచ్చు, మనిషి దాన్నే గట్టిగా నమ్మొచ్చు. “ఏం కనిపిస్తోంది?” చాలు. కేసు కోర్టులో ఉంటే ముందే లాయరును సంప్రదించమనండి.