పాత పైథాన్‌కు సపోర్ట్ ఆపేశాక వచ్చే తలనొప్పులు: సమస్య - పరిష్కారం

పైథాన్ 3.8 గడువు 2024 అక్టోబర్‌తో, 3.9 గడువు 2025 అక్టోబర్‌తో ముగిసింది. ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తుంది, ఐదేళ్లకు దాని సపోర్ట్ ఆగిపోతుంది. అంటే ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడిపేవాళ్లకు పాత వెర్షన్‌ను వదిలించుకోవడం ఏటా ఉండే పనే. వదిలేయడంలో తప్పేమీ లేదు. వదిలేశామన్న సంగతి పిప్‌కు (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్) తెలిసేలా చెప్పకపోవడం దగ్గరే గొడవ మొదలవుతుంది.

సమస్య: పాత పైథాన్‌లో ఇన్‌స్టాల్ అయింది, ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ ఎర్రర్

కారణం: కోడ్‌లో మ్యాచ్ స్టేట్‌మెంట్ లాంటి కొత్త సింటాక్స్ (ఇది 3.10లో వచ్చింది) చేరింది గానీ, ప్రాజెక్ట్ మెటాడేటాలో రిక్వైర్స్-పైథాన్ (ఏ పైథాన్ వెర్షన్లు కావాలో చెప్పే ఫీల్డ్) విలువ మారలేదు, లేదా అసలు లేనే లేదు. క్లాసిఫయర్ల (ప్యాకేజీ వివరాలు చెప్పే ట్యాగుల) జాబితాలోంచి 3.8, 3.9 తీసేస్తే చాలనుకుంటారు చాలామంది. ఆ జాబితా మనుషులు చదువుకోవడానికి. వెర్షన్ ఎంచుకునేటప్పుడు పిప్ దాని జోలికే పోదు. అది చూసేది రిక్వైర్స్-పైథాన్‌ను మాత్రమే, అదీ 2016లో వచ్చిన పిప్ 9 నుంచి.

పరిష్కారం: ఆ విలువను ">=3.10" చేసి కొత్త రిలీజ్ ఇవ్వాలి. అయితే అంతటితో ఆగిపోతే ఫిర్యాదులు ఆగవు. ఒక ఉదాహరణ చూడండి. మీ లైబ్రరీ 4.2 వెర్షన్ పైథాన్ 3.8లో బాగానే నడిచేది. 4.3.0లో 3.8ని వదిలేశారు, మెటాడేటా మార్చడం మరిచిపోయారు. ఫిర్యాదులు రాగానే 4.3.1లో సరిచేశారు. ఇప్పుడు 3.8 వాడే మనిషి ఇన్‌స్టాల్ చేస్తే ఏమవుతుంది? పిప్ 4.3.1ని చూసి, ఇది మనకు కాదని పక్కన పెట్టి, దాని కింద ఉన్నదాన్ని తీసుకుంటుంది. కింద ఉన్నది ఏది? విరిగిన 4.3.0. అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది, ఈసారి "సరిచేశామన్నారు కదా" అనే మాటతో కలిపి.

అందుకే 4.3.0ని పైపీఐలో (పిప్ ప్యాకేజీలను తెచ్చుకునే చోటు) యాంక్ చేయాలి, అంటే డిలీట్ చేయకుండా వెనక్కి తీసుకున్నట్టు గుర్తు పెట్టాలి. అప్పుడు పిప్ దాన్ని దాటేసి 4.2 దగ్గర ఆగుతుంది. 4.3.0 కచ్చితంగా కావాలని రెండు ఈక్వల్స్ గుర్తులతో రాసుకున్నవాళ్లకు మాత్రం అది దొరుకుతూనే ఉంటుంది కాబట్టి వాళ్ల బిల్డ్‌లు ఆగవు. కోపంలో డిలీట్ నొక్కారో, వాళ్లూ ఇరుక్కుంటారు. ఒకసారి ఎక్కించిన ఫైల్ మెటాడేటాను పైపీఐలో మార్చే వీలు లేదు, డిలీట్ చేసినా అదే ఫైల్ పేరుతో మళ్లీ ఎక్కించనివ్వదు.

ముందే జాగ్రత్త పడాలంటే పనిని రెండు కమిట్లుగా విడదీయండి. మొదటిదాంట్లో రిక్వైర్స్-పైథాన్, సీఐలో (టెస్టులను తనంతట తానే నడిపే ఏర్పాటు) నడిపే వెర్షన్ల జాబితా మాత్రమే మార్చండి. పాత వెర్షన్ కోసం పెట్టుకున్న కోడ్‌ను ఆ తర్వాతే పీకేయండి. పాత కోడ్ పీకేయడంలో ఉన్న సరదా వల్ల ఈ వరుస తరచూ తలకిందులవుతుంది.

సమస్య: 3.8కి సపోర్ట్ ఉందని రాశాం, అయినా 3.8లో టైప్ ఎర్రర్

"టైప్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ సబ్‌స్క్రిప్టబుల్" అని వస్తే, ఎవరో ఫంక్షన్ టైప్ హింట్‌లో లిస్ట్ పక్కన చదరపు బ్రాకెట్లలో ఇంట్ అని రాసుంటారు. చిన్న అక్షరాల లిస్ట్‌ను అలా వాడే వీలు 3.9లో వచ్చింది. సింటాక్స్ తప్పు కాదు కాబట్టి ఫైల్ పార్స్ అవుతుంది, నడిపితేనే పడిపోతుంది. అసలు కారణం మాత్రం సీఐలో 3.8 నడవకపోవడమే. నడపని వెర్షన్‌కు సపోర్ట్ ఉందని రాయకండి. నడపండి, లేదా తీసేయండి. కోడ్‌కు కనీసం ఏ వెర్షన్ కావాలో వెర్మిన్ అనే టూల్ చెబుతుంది, కానీ అది టెస్టులకు బదులు కాదు.

సీఐ ఫైల్‌లో 3.10ని కోట్స్ లేకుండా రాస్తే యామ్ల్ (ఆ ఫైల్ రాసే ఫార్మాట్) దాన్ని సంఖ్యగా చదివి 3.1 చేసేస్తుంది. "3.1 దొరకలేదు" అని ఎర్రర్ వస్తే ముందు అక్కడ చూడండి.

సమస్య: కొత్త పైథాన్‌లో ఎప్పుడో పాత రిలీజ్ ఇన్‌స్టాల్ అవుతోంది

కారణం: రిక్వైర్స్-పైథాన్‌లో "<3.13" లాంటి పై హద్దు. 3.13 వాడేవాళ్లకు ఎర్రర్ రావాలని మీరు అనుకున్నారు. పిప్ మాత్రం వెనక్కి వెళ్తూ, ఆ హద్దు పెట్టని పాత రిలీజ్ కనిపించగానే దాన్ని పట్టుకుంటుంది.

పరిష్కారం: హద్దు తీసేయండి. నా లెక్కలో సాధారణ లైబ్రరీకి పై హద్దు ఎప్పుడూ వద్దు. ఈ ఫీల్డ్ ఉన్నది పాతవి వదిలేయడానికి, రాబోయేవాటిని అడ్డుకోవడానికి కాదు.

సమస్య: ఇన్‌స్టాల్ చేస్తుంటే సీ కంపైలర్ ఎర్రర్లు వరదలా వస్తున్నాయి

మీ పైథాన్‌కు సరిపడే వీల్ (ముందే బిల్డ్ చేసి పెట్టిన ప్యాకేజీ) లేదు, అందుకే పిప్ సోర్స్ తెచ్చి బిల్డ్ చేయబోయింది. వాడేవాళ్లు ఓన్లీ-బైనరీ ఆప్షన్ ఇస్తే వీల్ ఉన్న పాత రిలీజ్‌కు వెళ్తుంది. మెయింటెయినర్లయితే, వీల్స్ ఆపేసిన రిలీజ్‌లోనే రిక్వైర్స్-పైథాన్ కూడా పెంచాలి.

సమస్య: "మా సర్వర్‌లో ఇంకా 3.6 ఉంది, ఎలా వదిలేస్తారు?"

ఇది కోడ్ సమస్య కాదు, రెండు క్యాలెండర్ల తేడా. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ అయిన ఆర్‌హెచ్‌ఈఎల్ 8తో వచ్చే పైథాన్ 3.6ని రెడ్ హ్యాట్ 2029 వరకు చూసుకుంటుంది. పైథాన్ బృందం మాత్రం దాన్ని 2021 డిసెంబర్‌లోనే ఆపేసింది. ఆ అదనపు ఏళ్ల సపోర్ట్ రెడ్ హ్యాట్ తన కస్టమర్లకు ఇచ్చిన మాట, మీరు ఇచ్చింది కాదు. పైగా అదే ఆర్‌హెచ్‌ఈఎల్ 8లో 3.11, 3.12 కూడా విడిగా పెట్టుకోవచ్చు. జవాబులో ఆ సంగతి చెప్పి, "3.6 కావాలంటే మా చివరి రిలీజ్ ఇది" అని నంబర్‌తో సహా రాయండి. వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఆ నంబరే.

వదిలేసే విధానం రీడ్‌మీలో ఒక్క వాక్యంగా ఉంటే ఈ వాదనలు సగం తగ్గుతాయి. సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టుల ఉమ్మడి సిఫారసు, స్పెక్ 0, విడుదలైన మూడేళ్లకు పైథాన్ వెర్షన్‌ను వదిలేయమంటుంది. అది కొందరికి మరీ తొందర అనిపిస్తుంది. చిన్న లైబ్రరీకి పైథాన్ సొంత గడువు తేదీనే పెట్టుకుంటే ఎవరికీ వివరణ ఇచ్చుకోవాల్సిన పని ఉండదు. చిన్న దిద్దుబాట్ల కోసం ఇచ్చే ప్యాచ్ రిలీజ్‌లో మాత్రం వదలకండి.

అన్నీ సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో చూడొచ్చు. 2023 డిసెంబర్‌లో వచ్చిన 5.0కి కనీసం 3.10 కావాలి. 3.9 ఉన్నవాళ్లు వెర్షన్ చెప్పకుండా ఇన్‌స్టాల్ చేస్తే ఎర్రర్ ఏమీ లేకుండా 4.2 వస్తుంది. 5.0నే కావాలని పట్టుబడితే, వేరే పైథాన్ అవసరమైన వెర్షన్లను పక్కన పెట్టానని పిప్ చెప్పి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఇంత భరోసా లేదు. ప్యాకేజ్ ఫైల్‌లోని ఇంజిన్స్ ఫీల్డ్ సరిపోకపోయినా ఎన్‌పీఎం (నోడ్‌కు పిప్ లాంటిది) మామూలుగా ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది. అక్కడ ఇన్‌స్టాల్ దగ్గరే ఆగాలంటే వాడేవాళ్లు ఇంజిన్-స్ట్రిక్ట్ ఆన్ చేసుకోవాలి.