గోటూ దారికొచ్చింది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న గోటూ టెలిస్కోప్ (తార పేరు నొక్కితే మోటారుతో తనే అటు తిరిగే రకం) కళింగపట్నం బీచ్‌లో మొరాయించింది. స్వాతి నక్షత్రం అని నొక్కితే దాదాపు 15 డిగ్రీలు తూర్పుకి పోయి ఆగేది. ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఇది గంట తేడా! అనుమానం వచ్చి మెనూ తెరిస్తే డేలైట్ సేవింగ్ ఆన్‌లో ఉంది, అంటే వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే పద్ధతి, మన దేశంలో లేని బాపతు. అది ఆపేసి, టైమ్‌జోన్ +5:30 ఉందో లేదో చూసుకుని, దూరదూరంగా ఉన్న రెండు తారలకి గురిపెట్టి అలైన్‌మెంట్ చేస్తే (టెలిస్కోప్‌కి దిక్కులు తెలియజేస్తే) సరిపోయింది.

అయినా ఒమెగా సెంటారీ అనే తారల గుంపుని వెతకడానికి మోటారెందుకండీ? మే నెల మధ్యలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రం దక్షిణాన ఉంటుంది. చెయ్యి చాచి దాని కిందకి మూడున్నర పిడికిళ్లు కొలవండి. ఫైండర్‌లో (టెలిస్కోప్ మీదుండే చిన్న గురి దుర్భిణిలో) మసక ఉండలా దొరుకుతుంది. మోటారు పనికొచ్చేది ఆ తర్వాతే, ఐపీస్‌లోంచి (కన్ను పెట్టి చూసే కటకంలోంచి) జారిపోకుండా.