బేస్ గిటార్‌లో ప్రీయాంప్ మార్చుకోవడం: ముందు జాక్, తర్వాత గ్రౌండ్

కాజీపేట చర్చి గాయక బృందాల నుంచి, వినాయక మండపాల దగ్గర వాయించే ఆర్కెస్ట్రాల నుంచి హనుమకొండలోని నా పనిబల్ల మీదికి వచ్చే బేస్ గిటార్లలో చాలా వాటికి యజమానులు చెప్పే జబ్బు ఒక్కటే: ప్రీయాంప్ (తీగల శబ్దపు సంకేతాన్ని గిటార్ లోపలే బలపరిచే, బ్యాటరీతో నడిచే చిన్న బోర్డు) పోయింది, కొత్తది వేయాలి. తీరా వెనుక మూత విప్పి చూస్తే ప్రీయాంప్ నిక్షేపంగా ఉండి, బ్యాటరీ క్లిప్‌కు చిలుము పట్టడమో, కేబుల్ దూర్చే జాక్‌లోని రేకు వదులు కావడమో కనిపిస్తుంది. అందువల్ల కొత్తది కొనే ముందే ఒక పరీక్ష చేయాలి. కొత్త 9 వోల్టుల బ్యాటరీ తగిలించి, జాక్‌లో కేబుల్ పెట్టి, ప్రీయాంప్ బోర్డు మీద బ్యాటరీ ఎర్ర తీగ చేరే చోటికీ, గ్రౌండ్ (వలయాలన్నీ తిరిగి వచ్చి కలిసే ఉమ్మడి దారి) తీగ చేరే చోటికీ మధ్య మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవాలి. అక్కడ 9 వోల్టులు కనిపించకపోతే తప్పు ప్రీయాంప్‌ది కాదు, దానికి కరెంటు చేర్చే దారిది. 9 వోల్టులు కనిపిస్తూ, పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) నుంచి వచ్చే తీగలను నేరుగా జాక్‌కు కలిపినప్పుడు శబ్దం బాగా వస్తూ, ప్రీయాంప్ ద్వారా మాత్రం రాకపోతే అప్పుడు మార్చక తప్పదు.

ప్రీయాంప్ చేసే పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతం పొడవాటి కేబుల్‌లో ప్రయాణించేటప్పుడు పై స్వరాల మెరుపు కోల్పోతుంది. ప్రీయాంప్ ఆ సంకేతానికి గిటార్ లోపలే బలమిచ్చి, బాస్ (దిగువ స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) పెంచుకునే వీలు కూడా కల్పిస్తుంది. ఫెండర్ కంపెనీ బేస్ గిటార్లయిన 1951 నాటి ప్రెసిషన్, 1960 నాటి జాజ్ బేస్ ఇవేవీ లేకుండానే పుట్టాయి. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్‌తో ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

కొనేటప్పుడు చూడవలసింది పేరు కాదు, కొలతలు. గిటార్‌కు ఎన్ని నాబ్‌ల రంధ్రాలున్నాయో లెక్కపెట్టండి. రంధ్రాలు మూడే ఉండి నియంత్రణలు ఐదు కావాలంటే, ఒకదానిపై ఒకటి కూర్చునే జంట పాట్‌లున్న (పాట్ అంటే నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం) రకం తీసుకోవాలి. కొత్త రంధ్రం తొలిచే ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చెక్కకు చేసిన గాయం తిరిగి పూడదు. పాట్ మెడ లావు, లోపలి గుంట లోతు, బ్యాటరీకి చోటు కూడా స్కేలుతో కొలుచుకోవాలి. 9 వోల్టుల బ్యాటరీ సుమారు 48 మిల్లీమీటర్ల పొడవు, 26 మిల్లీమీటర్ల వెడల్పు, 17 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పెళ్లిళ్లకు, మండపాలకు వాయించేవారు బైపాస్ స్విచ్ (ప్రీయాంప్‌ను పక్కన పెట్టి పికప్ సంకేతాన్ని నేరుగా పంపేది) ఉన్నదే ఎంచుకోవాలి. అది లేని ప్రీయాంప్‌లో బ్యాటరీ అయిపోతే పాట మధ్యలో బేస్ పూర్తిగా మూగబోతుంది. రెండు బ్యాటరీలతో 18 వోల్టులు ఇవ్వాలనుకునేవారు, తయారీదారు ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే ఆ పని చేయాలి.

పాట్‌ల విలువల విషయంలో చాలామంది పొరపడతారు. మామూలు పికప్‌ల సంకేతం నేరుగా వచ్చి చేరే వాల్యూమ్ పాట్ విలువ 250 లేదా 500 కిలో ఓమ్‌లు ఉంటుంది. బ్యాటరీతో పనిచేసే పికప్‌లకైతే 25 కిలో ఓమ్‌లు వాడతారు. పాత పాట్ బాగుందిగదా అని కొత్త ప్రీయాంప్‌కు దాన్నే తగిలిస్తే, విలువ కలవనప్పుడు శబ్దం దుప్పటి కప్పినట్టు వినిపించవచ్చు. కాబట్టి ప్రీయాంప్‌తో వచ్చిన పాట్‌లనే వాడటం మేలు.

పనిముట్లలో ముఖ్యమైనవి 25 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లోపల రోజిన్ (అతుకు బాగా పట్టేలా చేసే చెట్టు బంక) ఉన్న 60/40 సోల్డర్ తీగ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న అతుకు లోహం), మల్టీమీటర్, వైర్ కట్టర్, వేడికి ముడుచుకుని అతుకును కప్పే హీట్ ష్రింక్ గొట్టాలు. రేకు డబ్బాలు అతికేవారు వాడే ఆమ్లపు పేస్టును ఇక్కడ వాడరాదు; అది కొన్ని నెలల్లో తీగలను తినేస్తుంది. మంచి స్టీరియో జాక్ స్థానికంగా దొరకకపోతే, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి తెచ్చుకోవడం, నాసిరకం జాక్ పెట్టి ఆరు నెలలకు మళ్లీ విప్పడం కంటే తక్కువ శ్రమ. సోల్డర్‌లో సీసం ఉంటుంది గనుక పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

విప్పే ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయాలి. తర్వాత బ్యాటరీ తీసివేసి, ఒక్కో తీగకు కాగితపు టేపు చుట్టి దాని మీద పేరు రాయాలి: ముందు పికప్, వెనుక పికప్, బ్రిడ్జ్ (వాయించే తీగల కొసలు పట్టి ఉంచే లోహపు భాగం) గ్రౌండ్, జాక్. పికప్ తీగలు సన్నగా ఉంటాయి. వాటిని లాగకుండా సోల్డర్ కరిగించి విడదీయాలి. బ్రిడ్జ్ గ్రౌండ్ తీగను పొరపాటున గుంటలోపలికి తెంపుకుంటే దాన్ని తిరిగి పట్టుకోవడానికి బ్రిడ్జ్ మొత్తం ఊడదీయాల్సి వస్తుంది.

ఇప్పుడు జాక్. ప్రీయాంప్ ఉన్న (యాక్టివ్) బేస్‌లో జాక్ శబ్దం బయటికి పంపే ద్వారం మాత్రమే కాదు, బ్యాటరీ స్విచ్ కూడా అదే. స్టీరియో జాక్‌కు మూడు కాళ్లుంటాయి: టిప్ (ప్లగ్ మొనకు తగిలేది), రింగ్ (మధ్య భాగానికి తగిలేది), స్లీవ్ (మొదలుకు తగిలేది). ప్రీయాంప్ నుంచి వచ్చే సంకేతం టిప్‌కు చేరాలి. గ్రౌండ్ తీగలన్నీ స్లీవ్‌కు చేరాలి. బ్యాటరీ నల్ల తీగ రింగ్‌కు చేరాలి. మామూలు మోనో కేబుల్ ప్లగ్ లోపలికి వెళ్లినప్పుడు దాని లోహపు మొదలు రింగ్‌ను, స్లీవ్‌ను కలుపుతుంది, దాంతో బ్యాటరీ వలయం పూర్తయి ప్రీయాంప్ మేలుకుంటుంది. కేబుల్ తీయగానే ఆగిపోతుంది. బ్యాటరీ నల్ల తీగను స్లీవ్‌కు అతికితే గిటార్ పనిచేస్తుంది కానీ కరెంటు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటుంది. జాక్ కాళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కో వరుసలో ఉంటాయి కనుక బొమ్మను నమ్మకూడదు. మీటర్‌ను కంటిన్యుటీలో (దారి కలిసి ఉంటే మోగే అమరికలో) పెట్టి, ప్లగ్ దూర్చి, ఏ కాలు దాని ఏ భాగానికి మోగుతోందో చూసుకున్న తర్వాతే సోల్డర్ చేయాలి.

ప్రతి అతుకునూ రెండు మూడు సెకన్లలో ముగించాలి. ముందు కాలును, తీగను కలిపి వేడి చేసి, ఆ వేడికి సోల్డర్ కరిగేలా చూడాలి. ఐరన్ మొనపై సోల్డర్ కరిగించి దాన్ని పూసినట్టు అంటిస్తే మసకగా, గరుకుగా ఉండే అతుకు పడుతుంది. అది ఇవాళ పట్టినట్టే ఉండి, ఆరు ప్రయాణాల తర్వాత వదులుతుంది. హీట్ ష్రింక్ గొట్టాన్ని అతికే ముందే తీగకు ఎక్కించడం మరిచిపోయి నాలుక కరుచుకోవడం నాకూ చాలాసార్లు జరిగింది.

గ్రౌండ్ తీగలను అక్కడొకటి ఇక్కడొకటి కలపకుండా ఒకే చోటికి తేవడం మంచిది. గుంటకు రాగి రేకు అతికించి ఉంటే దాన్నీ గ్రౌండ్‌కు కలపాలి. అయితే బోర్డు అడుగుభాగం ఆ రేకుకు తగలకుండా మధ్యన ఇన్సులేషన్ టేపు వేయాలి. బ్రిడ్జ్‌కూ జాక్ స్లీవ్‌కూ మధ్య నిరోధం ఒక ఓమ్‌కు మించకూడదు. బ్రిడ్జ్ గ్రౌండ్ తీగ ద్వారా వాయించేవారి చేతులు యాంప్లిఫయర్ ఎర్త్‌తో కలుస్తాయి. మండపాల్లో ఎర్త్ లేని జనరేటర్ బోర్డు నుంచి, లేదా ఎర్త్ పిన్ను విరిచిన ప్లగ్ నుంచి యాంప్‌కు కరెంటు ఇస్తే, వాయించే తీగల మీద చేయి పెట్టి మైకుకు పెదవి తాకించినవారికి షాక్ కొట్టవచ్చు. అది గిటార్ లోపం కాదు, కానీ ప్రాణాలకు ముప్పు. బ్రిడ్జ్ తీగ తెంపడం దానికి మందు కానే కాదు, ఎర్త్ సరిచేయించాలి.

బ్యాటరీ క్లిప్‌ను చిట్టచివర తగిలించాలి. చాలా ప్రీయాంప్‌లకు తలకిందుల కరెంటును ఆపే డయోడ్ ఉండదు. క్లిప్‌ను తిప్పి ఒక్క క్షణం తాకించినా చిప్ కాలిపోవచ్చు. క్లిప్ పెట్టే ముందు మీటర్‌ను మిల్లీ ఆంపియర్లలో పెట్టి బ్యాటరీ ప్లస్ కొసకూ క్లిప్ ఎర్ర తీగకూ నడుమ కలిపి కొలవాలి. కేబుల్ లేనప్పుడు సున్నా ఉండాలి. కేబుల్ పెట్టినప్పుడు సాధారణంగా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు, కొన్నింటికి ఇంకా తక్కువ కనిపిస్తాయి. పదుల్లో కనిపిస్తే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. ఆల్కలైన్ బ్యాటరీలో దాదాపు 500 మిల్లీ ఆంపియర్ గంటల నిల్వ ఉంటుంది కనుక ఒక మిల్లీ ఆంపియర్ వాడే ప్రీయాంప్ సుమారు 500 గంటలు నడుస్తుంది. రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయకుండా గోడకు ఆనించి వెళ్లేవారి లెక్క మాత్రం వేరు.

మూత బిగించక ముందే యాంప్ శబ్దం తక్కువలో ఉంచి, కేబుల్ పెట్టి, ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తట్టాలి. టక్కుమని వినిపిస్తే సంకేతం దారి సరిగానే ఉన్నట్టు. వాయించే తీగలు ముట్టుకుంటే గుయ్‌మనే శబ్దం తగ్గితే గుంటలోని రాగి రేకు కవచం చాలడం లేదని, ముట్టుకుంటే పెరిగితే జాక్‌లో టిప్, స్లీవ్ తారుమారయ్యాయని అనుమానించాలి. రెండు పికప్‌లు కలిపినప్పుడు బేస్ పలచబడి, విడివిడిగా బాగుంటే ఒక పికప్ తీగలు రెండూ మార్చి అతకాలి. పాట్ తిప్పేటప్పుడు చిటపటలు వస్తే, కొత్త పాట్ అయినప్పటికీ, దాని గుండా డీసీ కరెంటు పారుతోందేమో చూడాలి.

బోర్డు మీద చిన్న ట్రిమ్ పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) ఉంటే, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, బైపాస్‌లో వచ్చే శబ్దానికీ ప్రీయాంప్ శబ్దానికీ బిగ్గరలో తేడా తెలియకుండా దాన్ని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పి సరిచేయండి. ఆ తర్వాత తీగలు మూత కింద నలగకుండా సర్ది, మరలు చేత్తో బిగించి, బ్యాటరీ వేసిన తేదీని కాగితపు టేపు మీద రాసి మూత లోపలి వైపు అంటించండి.