కిచెన్ కప్‌బోర్డు కింద ఫ్యాన్ హీటర్ – మూడో పాఠం: కోత, తీగ, తొలి పరీక్ష

మొదటి రెండు పాఠాల్లో మన పని అంతా కాగితం మీదే జరిగింది. గది కొలిచాం, ఎన్ని వాట్లు కావాలో లెక్క వేశాం, ఆ లోడు మోయగల లైను ఇంట్లో ఉందో లేదో చూశాం. ఈ పాఠంలో చేతికి పనిముట్లు వస్తాయి. ఆ లెక్కలు పూర్తి చేయని వాళ్లు దయచేసి ఇక్కడే ఆగి, వాటిని ముగించి రండి. ప్లింత్ కోశాక లోడు సరిపోదని తెలిస్తే కోసిన బోర్డు మళ్లీ అతకదు.

మొదటిసారి చదువుతున్న వాళ్ల కోసం ఒక్క మాట. కప్‌బోర్డుల కాళ్లు కనబడకుండా నేల దగ్గర అడ్డంగా పెట్టే పొడవాటి పట్టీని ప్లింత్ అంటారు, కొందరు కిక్‌బోర్డు అంటారు. దాని వెనక ఉన్న ఖాళీలో పట్టేలా సన్నగా, పొట్టిగా చేసిన హీటర్ ఇది. లోపల ఒక హీటింగ్ ఎలిమెంటు, ఒక ఫ్యాను ఉంటాయి. గోడ మీద చోటు లేని వంటగదికి ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే మిగతా హీటర్లకు లేని ఇబ్బంది ఒకటి దీనికి ఉంది: దీని ఒళ్లంతా చీకట్లో ఉంటుంది. మనకు కనబడేది ముందున్న జాలీ మాత్రమే. తీగ, స్క్రూ, దుమ్ము, వేడి అన్నీ దాని వెనకే.

ఒకసారి ఒక ఇంట్లో ఇలాంటి హీటర్ పదే పదే ఆగిపోతోందంటే చూడటానికి వెళ్లాను. ప్లింత్ ఊడదీస్తే లోపల రెండు వైర్లు మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉన్నాయి. టేపు కరిగి జారిపోయింది, వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి పెళుసుగా విరిగిపోతోంది. ఆ ఇంటివాళ్లకు నెలల తరబడి వాసన వస్తూనే ఉందట, దుమ్ము కాలుతోందిలే అనుకున్నారు. ఆ వైర్లు కంటికి కనబడే చోట ఉండి ఉంటే మొదటి వారంలోనే ఎవరో ఒకరు గమనించేవారు. అందుకే ఈ పాఠం పొడవునా నేను ఒకే ప్రశ్న అడుగుతాను: రేపు ఇది పాడైతే, దీన్ని బయటికి లాగి చూడగలమా?

చోటు ఎంచుకోవడం

ముందు ప్లింత్ ఊడదీయండి. ఎక్కువ వంటగదుల్లో అది కప్‌బోర్డు కాళ్లకు క్లిప్పులతో పట్టి ఉంటుంది. రెండు చేతులతో ముందుకు లాగితే ఊడుతుంది. లోపల టార్చి వేసి నీళ్ల పైపు, గ్యాస్ పైపు, పాత కేబుల్, కప్‌బోర్డు కాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కాళ్లు సాధారణంగా ప్లాస్టిక్‌వి, వేడిగాలి వాటికి నేరుగా తగలకూడదు.

సింకు కింద పెట్టవద్దు. డిష్‌వాషర్, వాషింగ్ మెషిన్ పక్కన కూడా వద్దు. ఏదో ఒక రోజు నీరు కారుతుంది, కారిన నీరు నేలకే చేరుతుంది, హీటర్ ఉండేదీ నేల మీదే. ఫ్రిజ్ కింద వద్దు, ఎందుకంటే కింది నుంచి వేడి తగిలితే అది ఆగకుండా నడుస్తుంది. ఓవెన్ కింద ఇప్పటికే వేడి ఉంటుంది కాబట్టి అక్కడా వద్దు. గది మధ్యకు గాలి తగిలేలా, ఎదురుగా ఒక మీటరు దూరం వరకు కాగితం, గుడ్డ, చెత్తబుట్ట లాంటివి ఉండని చోటు చూసుకోండి.

మాన్యువల్లో ఒక సంగతి తప్పకుండా చూడాలి: మీ హీటర్ గాలిని ఎక్కడి నుంచి పీలుస్తుంది? కొన్ని మోడళ్లు ముందు జాలీలోంచే పీల్చి, అదే జాలీలోని వేరే భాగం నుంచి వేడిగాలి వదులుతాయి. కొన్ని కప్‌బోర్డు కింది ఖాళీ నుంచి పీలుస్తాయి. రెండో రకమైతే ఆ ఖాళీలోకి గాలి రావడానికి దారి ఉండాలి. లేకపోతే లోపలి గాలే తిరిగి తిరిగి వేడెక్కి, రక్షణ కోసం పెట్టిన థర్మల్ కటౌట్ హీటర్‌ను ఆపేస్తుంది.

కోత

కంపెనీ ఇచ్చిన టెంప్లేట్ కొలతే కొలత. పట్టడం తేలికవుతుందని పక్కల ఒక సెంటీమీటరు ఎక్కువ కోస్తే ఆ సందులోంచి వేడిగాలి వెనక్కి వెళ్తుంది. ఖాళీలో వేడి పోగవుతుంది, గది మాత్రం చల్లగానే ఉంటుంది.

మామూలు జిగ్సా బ్లేడు పళ్లు పైకి ఉంటాయి, అంటే బ్లేడు పైకి వచ్చేటప్పుడు కోస్తుంది. బోర్డు పొర చిట్లేది పైవైపునే. కాబట్టి ప్లింత్ అందమైన ముఖాన్ని కిందికి పెట్టి, వెనక వైపు గీత గీసి కోయండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. వెనక నుంచి గీస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. హీటర్ ఎడమ నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో రావాలనుకుంటే, వెనక వైపు ఆ కొలతను కుడి చివర నుంచి తీసుకోవాలి. గీశాక బోర్డును దాని చోట నిలబెట్టి ఒకసారి చూసుకోండి. ఒక్క నిమిషం పని, ఒక బోర్డు మిగులుతుంది.

గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, నాలుగు మూలల్లో గీత లోపలి వైపున 10 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, బ్లేడు అందులోంచి దించండి. సన్నటి పళ్ల బ్లేడు వాడండి, నెమ్మదిగా నడపండి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. పార్టికల్ బోర్డు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోసిన అంచులకు సిలికాన్ గానీ చెక్క జిగురు గానీ పలుచగా పూయండి. నేల తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ ప్లింత్‌కు నీరు తగులుతుంది. పచ్చి అంచు ఆ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బిన బోర్డులో హీటర్ ఇరుక్కుపోతుంది. ఇరుక్కుపోతే మళ్లీ బయటికి రాదు.

తీగ

ఇక్కడ తొందర వద్దు. చాలా దేశాల్లో వంటగదిలో కొత్త లైను లాగడం, దాన్ని బోర్డుకు కలపడం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి. మీరున్న చోటి నిబంధన అదే అయితే ఈ భాగాన్ని ఆయన పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి చదవండి. అదీ చిన్న పని కాదు.

లోడు లెక్క గుర్తు చేసుకుందాం. 2000 వాట్ల హీటర్, 230 వోల్టుల సరఫరా అయితే కరెంటు 8.7 ఆంపియర్లు. 120 వోల్టుల సరఫరా ఉన్న చోట 1500 వాట్లకే 12.5 ఆంపియర్లు. ఫోన్ ఛార్జరుకో బల్బుకో వెళ్లే కరెంటుతో దీన్ని పోల్చలేం. పైగా ఇది గంటల తరబడి ఆగకుండా ప్రవహిస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు ద్వారా ఈ హీటర్‌కు కరెంటు ఇవ్వకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

లూజ్ కనెక్షన్ ఎంత ప్రమాదమో అంకెల్లో చూద్దాం. వేడి అంటే కరెంటు వర్గం, దాన్ని నిరోధంతో గుణించాలి. టెర్మినల్ స్క్రూ కొంచెం వదులై అక్కడ 0.1 ఓం నిరోధం వచ్చిందనుకోండి. 8.7 ఆంపియర్ల దగ్గర అది 7.6 వాట్ల వేడి. అదే 0.5 ఓం అయితే సుమారు 38 వాట్లు. ఎలక్ట్రానిక్ పనికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. అంతకంటే వేడి వస్తువు ఒకటి, బఠాణీ గింజంత చోట, ఎండిన చెక్క మధ్య, ఎవరికీ కనబడకుండా కాలుతూ ఉందని ఊహించుకోండి. ఇంత జరిగినా ఎంసీబీ (పరిమితికి మించి కరెంటు పారితే లైను తెంచే స్విచ్) పడదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. నిజానికి కొద్దిగా తగ్గింది కూడా. ఆర్సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే లైను తెంచే స్విచ్) కూడా పడదు, కరెంటు ఎర్త్‌లోకి పోవడం లేదు కాబట్టి. అంటే ఈ తప్పును ఆపగలిగేది స్క్రూ బిగించిన చేయి ఒక్కటే.

కాబట్టి సన్నపోగుల వైరు చివర్లకు పిన్ లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు తొడుగు) వేసి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, అప్పుడు టెర్మినల్‌లో పెట్టండి. పోగులకు సోల్డర్ పోసి స్క్రూ కింద పెట్టే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానేయండి. సోల్డర్ మెత్తటి లోహం, ఒత్తిడికి నెమ్మదిగా జారుతుంది, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. బిగించాక ప్రతి వైరునూ విడివిడిగా లాగి చూడండి. కదిలితే మళ్లీ బిగించండి.

ఎర్త్ వైరును మిగతా రెండింటి కంటే కొంచెం పొడవుగా ఉంచండి. ఎప్పుడైనా కేబుల్ గట్టిగా లాగబడితే చివరిగా ఊడేది అదే కావాలి. కేబుల్ బయటి తొడుగు కూడా దాన్ని కదలకుండా పట్టే క్లాంపు లోపలికి రావాలి, లోపలి వైర్లు మాత్రమే క్లాంపులో ఉంటే లాగిన బరువంతా టెర్మినళ్ల మీద పడుతుంది. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. హీటర్‌కు చేరే చివరి ముక్కకు 90 డిగ్రీలు తట్టుకునే రకం తీసుకోండి, అది హీటర్ ఒంటికి ఆనకుండా పక్కకు క్లిప్పు వేయండి.

హీటర్‌ను పూర్తిగా బయటికి లాగి నేల మీద పెట్టగలిగేంత పొడవు కేబుల్ వదలండి. నేనైతే ఒక మీటరు వదులుతాను. కేబుల్‌ను చుట్టగా కట్టేయకండి, వదులుగా పరవండి.

స్విచ్ ఎక్కడ? కౌంటర్ పైన, చేయి అందే చోట, సింకుకు దూరంగా. ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే డబుల్ పోల్ స్విచ్ కావాలి, ఇండికేటర్ లైటు ఉంటే ఇంకా మంచిది. ప్లింత్ వెనక ప్లగ్గు సాకెట్ పెట్టి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. మంట కనిపించినప్పుడు ఎవరూ వంగి బోర్డు ఊడదీయలేరు.

కరెంటు లేకుండా పరీక్ష

బోర్డులో ఎంసీబీ ఆఫ్ చేయండి, ఇంట్లో వాళ్లు ఆన్ చేయకుండా దాని మీద కాగితం అంటించండి. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసి, తర్వాత మీ వైర్ల మీద పెట్టి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడండి. చెడిపోయిన టెస్టర్ కూడా “కరెంటు లేదు” అనే చెబుతుంది.

మల్టీమీటర్‌తో హీటర్ లోహపు ఒంటికీ ఎర్త్ వైరుకూ మధ్య కొలవండి. మీటరు తీగల సొంత నిరోధం తీసేస్తే దాదాపు సున్నా రావాలి. తర్వాత హీటర్ స్విచ్ ఫుల్ మీద పెట్టి, థర్మోస్టాట్ పూర్తిగా తిప్పి, ఫేజ్ న్యూట్రల్ మధ్య కొలవండి. 230 వోల్టులకు చేసిన 2000 వాట్ల నైక్రోమ్ తీగ ఎలిమెంటు అయితే 26 ఓంల దరిదాపుల్లో చూపాలి. నైక్రోమ్ నిరోధం వేడికి పెద్దగా మారదు కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొలిచినా ఈ లెక్క పనికొస్తుంది. సెరామిక్ పీటీసీ ఎలిమెంటుకు (దాని నిరోధం వేడితో బాగా మారుతుంది) ఈ లెక్క వర్తించదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు సున్నా కాదు, దారి తెగినట్టు (OL) చూపాలి. అసలైన ఇన్సులేషన్ పరీక్ష 500 వోల్టుల మెగ్గర్‌తో చేస్తారు, అది ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

తొలిసారి ఆన్ చేసినప్పుడు

ముందుగా ఆర్సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి, పడాలి. ప్లింత్ ఇంకా పెట్టకుండా, హీటర్ మాత్రం దాని చోట ఉండగా, ఐదు నిమిషాలు ఫ్యాన్ ఒక్కటే తిప్పండి. గరగర వినిపిస్తే ఏదో తగులుతోంది. తర్వాత తక్కువ వేడి, తర్వాత పూర్తి వేడి. కిటికీలు తెరవండి, కొత్త ఎలిమెంటు మీది నూనె కాలి పది పదిహేను నిమిషాలు వాసన వస్తుంది, తర్వాత పోతుంది. పోని వాసన, కాలుతున్న ప్లాస్టిక్ వాసన, చేపల నీచు లాంటి వాసన వస్తే వెంటనే ఆఫ్ చేయండి. నీచు వాసన చాలాసార్లు వేడెక్కిన టెర్మినల్ దగ్గరి ప్లాస్టిక్ నుంచి వస్తుంది.

అరగంట పూర్తి వేడిలో నడిపి, స్విచ్ ముఖం మీద వేళ్లు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. వేళ్లు ఉంచలేకపోతే ఆపి, ఎంసీబీ ఆఫ్ చేసి, టెర్మినళ్లు మళ్లీ చూడండి. అంతా సరిగా ఉంటేనే ప్లింత్ పెట్టి, ఇంకో అరగంట నడపండి. ప్లింత్ లేనప్పుడు బాగా నడిచి, పెట్టాక ఆగిపోతే తప్పు గాలి దారిలో ఉంది. జాలీకీ హీటర్ ముఖానికీ మధ్య సందు ఉందేమో చూడండి.

వచ్చే పాఠంలో దుమ్ము తీయడం, థర్మోస్టాట్ సర్దడం నేర్చుకుందాం. దానికి ముందు ఒక ఇంటి పని ఉంది. రెండు వారాలు వాడాక ఎంసీబీ ఆఫ్ చేసి, హీటర్ చల్లారాక బయటికి లాగి, టెర్మినల్ స్క్రూలు ఒక్కొక్కటీ మళ్లీ బిగించి చూడండి. రాగి మొదటి కొన్నిసార్లు వేడెక్కి చల్లారేటప్పుడు కాస్త సర్దుకుంటుంది, స్క్రూ పావు తిప్పు తిరగవచ్చు. అలాగే ప్లింత్ వెనక వైపు చెరగని మార్కరుతో ఏ ఎంసీబీకి కలిపారో, కేబుల్ మందం ఎంతో, ఏ తేదీన బిగించారో రాయండి. పదేళ్ల తర్వాత ఆ బోర్డు ఊడదీసే మనిషి మీరు కాకపోవచ్చు.