గొలుసు కదలికతో కారు ప్రకటన – నాలుగో పాఠం: వాలు ఎక్కే టైరు

నేలను రసమట్టంతో సరిచూసుకోవడం, ప్రతి విడిభాగం నిలిచే చోట గుర్తు పెట్టుకోవడం గత పాఠంలో అయిపోయాయి. ఈసారి టైరు పని. కారు భాగాలు ఒకదాన్నొకటి కదిలించుకుంటూ పోయే ప్రకటనలో, టైరు పల్లానికి కాకుండా మిట్టకు దొర్లినప్పుడే చూసేవాళ్ల కళ్లు పెద్దవవుతాయి. 2003లో బ్రిటన్‌లో ప్రసారమైన హోండా అకార్డ్ ప్రకటన ‘కాగ్’లో ఈ పని చేసి చూపించారు. ఆంటొవాన్ బార్డూ-జాకే దర్శకత్వం వహించిన ఆ రెండు నిమిషాల ప్రకటనలో టైర్లు వాటంతటవే వాలు ఎక్కుతాయి. రహస్యమల్లా లోపల దాచిన బరువులే.

కొత్తవాళ్లు సాధారణంగా మొదటి టైరును గట్టిగా నెట్టి, ఆ ఊపుతోనే మిగతావన్నీ కదలాలని చూస్తారు. రబ్బరుకు రబ్బరు తగిలిన ప్రతిసారీ ఊపులో కొంత పోతుంది, కొంత వెనక్కి తంతుంది. అందుకే అలాంటి వరస మూడో నాలుగో టైరు దగ్గర చచ్చిపోతుంది. ఈ పాఠాలన్నిటికీ మూలమైన సూత్రం ఇక్కడే పట్టుకోండి: ప్రతి మెట్టుకు కావలసిన శక్తి ముందే దానిలో దాగి ఉండాలి. వెనక నుంచి వచ్చేది గొళ్లెం మాత్రమే తీయాలి.

లెక్క

195/65 ఆర్15 కొలత (టైరు పక్కగోడ మీద రాసి ఉంటుంది) ఉన్న కారు టైరు తీసుకుందాం. రిమ్ము వద్దు, ఉత్త టైరు. దాని బయటి వ్యాసార్థం సుమారు 32 సెం.మీ. బరువు 8 కిలోలు అనుకుందాం (మీది తూచి చూసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది). లోపల 2 కిలోల ఇనుము బిగిస్తే మొత్తం 10 కిలోలు. ఆ ఇనుము మధ్యభాగం టైరు కేంద్రం నుంచి 29 సెం.మీ. దూరంలో ఉంటుంది.

టైరు ఎక్కగల వాలు ఎంతో తెలియాలంటే, దాచిన బరువును దాని దూరంతో గుణించి, వచ్చినదాన్ని మొత్తం బరువు, టైరు వ్యాసార్థాల లబ్ధంతో భాగించండి. 2 × 29 ని 10 × 32 తో భాగిస్తే 0.18. ఇది ఆ వాలు కోణానికి సైన్ విలువ, అంటే 10 డిగ్రీలు దాటీ దాటకుండా. అంతకంటే నిటారు బల్ల మీద ఆ బరువును ఎటు తిప్పి పెట్టినా టైరు ఎక్కదు. ఆ హద్దులో సగం దగ్గర పని చేయడమే మేలు. 5 డిగ్రీల వాలు చాలు. మీటరు పొడవు బల్లకు ఒక చివర 8.7 సెం.మీ. ఎత్తు పెడితే అది వస్తుంది.

ఈ వాలు మీద అసలు కీలకం ఒక కోణంలో ఉంది. బరువు నడినెత్తి నుంచి ఎగువ వైపుకు దాదాపు 29 డిగ్రీలు వాలి ఉంటే టైరు ఎటూ కదలకుండా తటపటాయిస్తుంది. ఆ కోణం దాటితే తనంతట తానే పైకి దొర్లుతుంది, దాటకపోతే వెనక్కి జారుతుంది. కాబట్టి టైరును 20 డిగ్రీల దగ్గర ఉంచి, వెనక్కి పోకుండా దిగువ వైపు 5 మి.మీ. మందం రబ్బరు పట్టీని బల్లకు అతికించండి. ఇప్పుడు టైరు ఆ పట్టీని ఆనుకుని ఎంతసేపైనా నిలబడుతుంది. వెనక టైరు వచ్చి దాన్ని 5 సెం.మీ. ముందుకు జరిపితే చాలు, మిగతా దూరం తనే పోతుంది.

డిగ్రీలు కొలవడం చిక్కు కాబట్టి టేపు వాడండి. నడినెత్తి నుంచి ఎగువ వైపుకు టైరు చుట్టుకొలత మీద 11 సెం.మీ. దగ్గర సుద్ద గీత గీయండి, బరువు మధ్యభాగం దానికింద ఉండాలి. నడినెత్తి అంటే గుండు దారం చూపే నిలువు. బల్లకు లంబంగా కొలిస్తే దాదాపు 3 సెం.మీ. తేడా వస్తుంది, 5 సెం.మీ. సరిపోయే చోట 8 సెం.మీ. నెట్టాల్సి వస్తుంది. టైరు ‘ఒకసారి పోతుంది, ఒకసారి పోదు’ అనిపిస్తే ముందుగా చూడవలసింది ఈ గీతనే.

తటపటాయించే కోణం దాటాక టైరు 68 సెం.మీ. వరకు వేగం పుంజుకుంటుంది, ఆ తర్వాత తగ్గుతుంది. అందుకని రెండు టైర్ల అంచుల మధ్య ఖాళీ 55 సెం.మీ. దగ్గర పెట్టండి. వేగం ఇంకా పెరుగుతుండగానే తగులుతుంది. అంతకంటే బాగా దూరం పెడితే వేగం తగ్గాక తగులుతుంది, మరీ ఎక్కువైతే అసలు తగలదు.

బరువు బిగించడం

12 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. కంటే కాస్త ఎక్కువ మందం ఉన్న ఇనుప పట్టీ అరకిలో తూగుతుంది. అలాంటివి నాలుగు, టైరు లోపల అడ్డంగా పక్కపక్కనే. లోపలి పొర నున్నగా, జిడ్డుగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడవకపోతే ఏ జిగురూ నిలవదు. జిగురు ఒక్కదాన్నే నమ్మకండి. ఒక్కో పట్టీకి ఒక బోల్టు వేసి, దాని తల బయట గాడిలో పూర్తిగా అణిగేలా చూడండి. తల పొడుచుకొస్తే టైరు ప్రతిసారీ అక్కడే తడబడుతుంది. ఇనుప గుళ్లు, ఇసుక సంచీలో పోసి కట్టడం తేలికే గాని చేయకండి. అవి లోపల దొర్లుతూ ఊపునంతా మింగేస్తాయి.

పట్టీల మధ్యభాగం టైరు వెడల్పుకు సరిగ్గా నడుమ రావాలి. కాస్త పక్కకు ఒరిగినా టైరు వంకరగా పోయి బల్ల దిగిపోతుంది. కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలను కత్తిరించండి. చివరగా ఇనుముకు మెరుపులేని నల్లరంగు వేస్తే, పక్కగోడలే దాన్ని కెమెరాకు కనబడకుండా దాచేస్తాయి. రంధ్రం పడిన ఈ టైరు మళ్లీ రోడ్డు ఎక్కకూడదు. లోపల పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి పెట్టండి.

బల్ల 18 మి.మీ. ప్లైవుడ్ అయినా ప్రతి 30 సెం.మీ.కి కింద ఆనిక ఉండాలి. మధ్యలో కుంగితే వాలు మారిపోతుంది, పైన వేసిన లెక్కంతా తప్పుతుంది.

కెమెరా ముందు

5 డిగ్రీలు కంటికి తక్కువే. కెమెరా రవ్వంత ఒరిగి ఉంటే బల్ల సమంగా కనిపించి, పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. కెమెరాను బల్లకు ఎదురుగా, టైరు కేంద్రం ఎత్తులో, రసమట్టం మీద నిలపండి. నేపథ్యంలో గోడ అంచులాంటి ఒక సమతల గీత ఉండాలి. వాలు ఉందని నమ్మించేది ఆ గీతే.

టేకుల సంగతి ముందే లెక్కేసుకోండి. 30 మెట్ల వరసలో ఒక్కోటి నూటికి 95 సార్లు పనిచేస్తే, మొత్తం వరస నూటికి 21 సార్లే పూర్తవుతుంది. 98 అయితే సగానికి కాస్త పైన, 99 అయితే 74. అందుకే మెట్లు కలపకముందే ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాలి. ‘కాగ్’ కూడా ఒకే టేకు కాదు, రెండు షాట్లను కలిపి చేసిందే. అలాంటి అతుకు ఎక్కడ వేయాలో ఆరో పాఠంలో చూద్దాం.

ఈ వారం రెండు టైర్లతోనే సాధన చేయండి. వరసగా 50 సార్లు తప్పకుండా తగిలి కదిలేవరకు మూడోదాన్ని తేవద్దు. తప్పిన ప్రతిసారీ సుద్ద గీత, రబ్బరు పట్టీ, టైర్ల మధ్య ఖాళీ ఈ క్రమంలో కొలిచి రాసుకోండి. బల్ల పై చివర దిండు పెట్టడం, 10 కిలోల టైరు దారిలో చేతివేళ్లు పెట్టకపోవడం మరవకండి. వచ్చే పాఠంలో వైపర్ మోటారు.