వన్‌టౌన్‌లో వాకింగ్ టూరా? ఎండలు ముదరకముందే ఇవి చూసుకోండి

వేసవి సెలవులకు బెజవాడ వచ్చే చుట్టాలను బీసెంట్ రోడ్డుకో భవానీ ద్వీపానికో తిప్పి పంపేయకుండా, గైడును పెట్టుకుని వన్‌టౌన్ అంతా నడిపించి చూపిద్దాం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఆలోచన మంచిదే. కాకపోతే మన పాత ఊరు జనం కాపురాలుండే, సరుకు దిగే, బేరాలు నడిచే చోటు. అక్కడ వచ్చే ఇబ్బందుల్లో సగం వేళ కుదరకపోవడం వల్లే వస్తాయి.

అందుకే ముందు టైము అడగండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడతాం అనే టూరుకు డబ్బు కట్టకండి. మన ఊళ్లో కొండలు పగలంతా కాగి రాత్రి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి, రోహిణి కార్తెలో అయితే చెప్పక్కర్లేదు. ఆరింటికల్లా నడక మొదలై, ఎనిమిదిన్నరకల్లా మెట్లూ ఎత్తులూ అయిపోవాలి. "అంత పొద్దున్నే బట్టల కొట్లు తెరవరు కదండీ" అంటారు. తెరవకపోతేనే మేలు, షట్టర్లు దించి ఉన్నప్పుడే పాత మేడల పై అంతస్తులు, చెక్క కిటికీలు, ఇనప కమ్మీల వసారాలు తీరిగ్గా కనబడతాయి. చీరలు కొనాలంటే సాయంత్రం వస్త్రలత బట్టల మార్కెట్‌కు విడిగా వెళ్లండి, టూర్‌లో దాన్ని కలపొద్దు. కలిపితే ఆడవాళ్లు ఒక కొట్లో, మగవాళ్లు టీ బండి దగ్గర, గైడు నడిరోడ్డు మీద తేలతారు.

ఎక్కేవన్నీ ముందు పెట్టించండి. గాంధీ కొండను ఒకప్పుడు ఓర్ హిల్ అనేవారు, దాని మీది 52 అడుగుల స్తూపాన్ని 1968లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. కొండకు గేటు, వేళలు ఉంటాయి కాబట్టి ఆ పూట తెరిచి ఉంటుందో లేదో గైడు ముందు రోజే కనుక్కోవాలి, అక్కడికెళ్లాక తాళం చూసి వెనక్కి రావడం పిల్లలతో చాలా చిరాకు. ఇంద్రకీలాద్రి అడుగున ఉన్న అక్కన్న మాదన్న గుహలు గైడుకు మంచి పరీక్ష. అవి 6, 7 శతాబ్దాల నాటివి, పేరేమో 17వ శతాబ్దపు గోల్కొండ మంత్రులది. ఆ మంత్రులే వాటిని తొలిపించారని చెప్పే గైడు మిగతా కథలు కూడా ఎలా చెప్తాడో మీరే ఊహించుకోండి.

వానాకాలం అయితే లెక్క వేరు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు, ఆ మర్నాడే బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వచ్చింది. కాబట్టి రెండు రోజులుగా ముసురు పట్టి ఉంటే కొండ భాగం వదిలేయమని గట్టిగా చెప్పండి, డబ్బు వెనక్కి రాకపోయినా సరే. సందుల్లో నీళ్లు నిలిస్తే సైడు కాలువ ఎక్కడుందో, ఏ మూత పగిలిందో కనబడదు. వానకు తడుస్తున్నామని పాత మేడల సజ్జాల కిందకు దూరడం కూడా మంచిది కాదు, పెచ్చులు ఊడేది అప్పుడే.

ఇక కాళేశ్వరరావు మార్కెట్ వైపు. ఇక్కడ హమాలీకి దారి ఇవ్వడం మొదటి రూలు. నెత్తి మీద గోతం ఉన్నవాడు మిమ్మల్ని చూడలేడు, తోపుడు బండికి బ్రేకు ఉండదు, ట్రాలీ ఆటో వెనక్కి వస్తూ హారన్ కొడుతుందన్న నమ్మకం లేదు. గైడు నడిసందులో ఆగి చరిత్ర మొదలుపెడితే మొహమాటం లేకుండా పక్కకు జరగమనండి. పది పన్నెండు మందికి మించితే వెనకాల ఇంకో మనిషి ఉండాల్సిందే, లేకపోతే ఏ మలుపులోనో ఒక మామ్మగారు మిగిలిపోతారు. అందరి దగ్గరా గైడు నంబరుతో పాటు తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి ఉండాలి. నెహ్రూ బొమ్మ సెంటర్ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు, అది చాలు. పర్సు వెనక జేబులో పెట్టొద్దని వేరే చెప్పాలా.

కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులో, షూసో వేసుకోండి, హవాయి చెప్పులు మార్కెట్ బురదలో జారతాయి. మనిషికో లీటరు నీళ్లు, తలకు కండువా, ఒకటి రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సరిపోతాయి. దాహమేస్తే సోడా తాగండి, ఐసు వెయ్యొద్దని చెప్పండి. ఎవరికైనా తల తిరిగి, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ, "కాసేపు కూర్చుంటే తగ్గిపోతుందిలే" అనుకోకూడదు. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో రావొద్దు, రెండు ఇడ్లీలైనా తిని బయల్దేరండి.

ఫోటోల దగ్గర గొడవలు తొందరగా వస్తాయి. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్లను, మసీదులో నమాజుకు వచ్చినవాళ్లను అడగకుండా తీయొద్దు. అమ్మవారి గుడి కూడా టూర్‌లో ఉంటే ఫోన్లు లోపలికి రానివ్వరు, సంప్రదాయ దుస్తులు ఉండాలి, దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే దర్శనం వేరే రోజు పెట్టుకోమంటాను. దసరా, భవానీ దీక్షల విరమణ రోజుల్లో అయితే టూర్ మాటే ఎత్తొద్దు.

ఎండ ఎక్కాక ఇంకా ఓపిక ఉంటే ఆటో ఎక్కి బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్లండి. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది అక్కడే. నీడపట్టున కూర్చుని వినొచ్చు. సెలవు రోజు ఏదో, టికెట్ టూర్ డబ్బుల్లో కలిసిందో లేదో బుకింగ్ అప్పుడే అడిగేయండి, అడ్వాన్సు కొంతే ఇచ్చి మిగతాది నడక అయ్యాక ఇవ్వండి.