రక్త పరీక్ష రిపోర్ట్ చూసి కంటి రెటీనాకు రిస్క్ ఉందో లేదో ఎట్ల తెలుసుకోవాలె?

హన్మకొండల ఒక ల్యాబ్‌ల పనిచేస్తున్న, కౌంటర్ మీద రిపోర్టులు ఇచ్చేది నేనే. కవర్ చేతికి రాంగనే అందరూ అడిగేది "అన్నా, షుగర్ ఎంతొచ్చింది" అనే. కండ్ల గురించి అడిగేటోళ్లు మస్తు తక్కువ. అదే కాగితంల కంటి లోపలి పరదాకు, అంటే రెటీనాకు, ఎంత ప్రమాదం ఉందో చెప్పే అంకెలు నాలుగైదు ఉంటయ్, వాటిని ఎట్ల చూడాలె, చూసినంక ఏం చేయాలె అన్నది వరుసగా చెప్త.

ముందుగాల ఒకటి గట్టిగ గుర్తుపెట్టుకోండి. షుగర్ వల్ల రెటీనా చెడ్డదా లేదా అని రక్త పరీక్ష చెప్పలేదు, అది కంట్లకు చూసే డాక్టరే చెప్పాలె. రక్తం రిపోర్ట్ చెప్పేది మీ రెటీనా మీద ఎంత భారం పడుతుంది, మీరు ఎంత జల్ది కంటి దవాఖానకు పోవాలె అన్నది. షుగర్‌తోని రెటీనా చెడుడు మొదలైనప్పుడు చూపు మంచిగనే ఉంటది, నొప్పి ఉండది, మంట ఉండది, పేపర్ చదువుతరు, బండి నడుపుతరు. మసక మొదలయ్యేసరికి లోపల చాలా దూరం పోయి ఉంటది. అందుకే ఈ అంకెలకు అంత విలువ.

స్టెప్ 1: రిపోర్టులన్నీ ఒక్క కాడికి తేండి

మీది గానీ, ఇంట్ల అమ్మది బాపుది గానీ, రెండు మూడేండ్ల రిపోర్టులు బయటికి తీసి తేదీ వరుసల పెట్టండి. ఒక తెల్ల కాగితం మీద గీతలు కొట్టి తేదీ, మూడు నెలల షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చెప్పేది), మూత్రంల ఆల్బుమిన్ (మూత్రంల పోయే ప్రోటీన్), కొలెస్ట్రాల్, బీపీ అని రాసుకోండి, ఎన్నేండ్ల నుంచి షుగర్ ఉందో అది పైన రాయండి ఎందుకంటే షుగర్ పాతబడ్డ కొద్దీ రెటీనాకు ముప్పు పెరుగుతది, అంకెలు మంచిగున్నా సరే. ఈ ఒక్క కాగితం ఎందుకంటే, మా దగ్గర షుగర్ డాక్టర్ ఫైల్ వేరే, కంటి డాక్టర్ ఫైల్ వేరే, ఒకరి కాగితం ఇంకొకరు చూడరు, మధ్యల మోసేది మనమే.

సర్కారు దవాఖానల తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద చేయించుకున్న టెస్టుల రిపోర్టులు ఫోన్‌కు మెసేజ్ వస్తయ్, అవి డిలీట్ చేయకుండ్రి, పిల్లలకు చెప్పి ప్రింట్ తీపియ్యండి.

స్టెప్ 2: మూడు నెలల షుగర్ చూడండి

హెచ్‌బీఏ1సీ అని రాసి ఉంటది, పక్కన శాతం గుర్తు ఉంటది. పరగడుపు షుగర్ అంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఇయ్యాళ పలికిన మిర్చి రేటు లెక్క, రేపు మారుతది. హెచ్‌బీఏ1సీ అంటే సీజన్ మొత్తం సగటున పలికిన రేటు. పొద్దున తినకుండ వచ్చి, రెండు రోజులు అన్నం మానేసి పరగడుపు షుగర్ తగ్గించి చూపెట్టొచ్చు, దీన్ని మాత్రం అట్ల తగ్గించలేరు. దీనికి పరగడుపున రావాల్సిన పని కూడా లేదు, ఎప్పుడైనా రక్తం ఇయ్యొచ్చు.

5.7 కంటే తక్కువుంటే నార్మల్. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ రాబోయే దశ. 6.5, ఆ పైన ఉంటే షుగర్ ఉన్నట్టు. షుగర్ ఉన్నోళ్లకు మామూలుగా 7 దగ్గర ఉంచుమని చెప్తరు, పెద్ద వయసోళ్లకు కొంచెం ఎక్కువున్నా డాక్టర్ ఊకుంటడు. 7 ఉందంటే సగటు షుగర్ 154 చుట్టూ నడుస్తుందని, 9 ఉందంటే 212 చుట్టూ నడుస్తుందని లెక్క.

ఈ నంబర్‌కు రెటీనాకు సంబంధం ఉందని చెప్పినయ్ రెండు పెద్ద అధ్యయనాలు. 1993ల అమెరికాల డీసీసీటీ అనేది బయటికొచ్చింది, టైప్ 1 షుగర్ ఉన్నోళ్లల కట్టుదిట్టంగా షుగర్ కంట్రోల్ చేస్తే, అప్పటిదాకా రెటీనా మంచిగున్నోళ్లకు కొత్తగా జబ్బు వచ్చే రిస్క్ 76 శాతం తగ్గిందని తేల్చింది. 1998ల బ్రిటన్‌ల యూకేపీడీఎస్, ఇది మనకు ఎక్కువగ ఉండే టైప్ 2 మీద. దాని మీద 2000ల వచ్చిన లెక్కల, హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తక్కువున్నోళ్లల కండ్లు, కిడ్నీల సన్న రక్తనాళాల దెబ్బ 37 శాతం తక్కువ కనిపించింది. 9 నుంచి 8కి వచ్చినా లాభమే, "7 అయితలేదు కదా ఇంకెందుకు" అని వదిలేయొద్దు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 11, 12 ఉన్న హెచ్‌బీఏ1సీని ఇన్సులిన్‌తోనో కొత్త ఇంజెక్షన్లతోనో కొన్ని నెలల్లనే బాగా కిందికి దింపితే, అప్పటికే రెటీనాల జబ్బు ఉన్నోళ్లకు కొన్నాళ్లు అది ముదిరే అవకాశం ఉంటది. ఇది డీసీసీటీల కూడా మొదటి సంవత్సరం కనిపించింది, తర్వాత లాభమే జరిగింది. అంటే మందు ఆపమని కాదు, దయచేసి ఆపకుండ్రి. షుగర్ బాగా ఎక్కువుండి మందు గట్టిగ మొదలుపెడుతున్నప్పుడు రెటీనా ఒకసారి చూపెట్టుకోండి, మధ్యల ఇంకోసారి ఎప్పుడు రావాలో కంటి డాక్టర్‌నే అడగండి.

స్టెప్ 3: హిమోగ్లోబిన్ చూడకుండ ఆ నంబర్‌ను పూర్తిగ నమ్మొద్దు

సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్ట్ తీయండి, మొదటి లైన్లనే హిమోగ్లోబిన్ ఉంటది. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాలకు అంటుకున్న షుగర్ కాబట్టి ఆ కణాల ఆయుష్షు తేడా వస్తే నంబర్ కూడా తప్పుతది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడోళ్లకు (మా దగ్గర వీళ్లు మస్తుమంది) ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపెట్టొచ్చు. ఈ మధ్యల రక్తం ఎక్కించుకున్నోళ్లకు, రక్తం బాగా పోయినోళ్లకు, డయాలసిస్ మీదుండి రక్తం పెరగటానికి ఇంజెక్షన్ తీసుకునేటోళ్లకు తక్కువ చూపెడుతది, అప్పుడు "షుగర్ కంట్రోల్ల ఉంది" అని సంబరపడుతరు, లోపల రెటీనా సంగతి వేరే ఉంటది. ఇట్లాంటోళ్లకు ఇంట్ల మిషన్‌తోని రోజూ చూసుకున్న రీడింగులు, ఫ్రక్టోసమైన్ అనే ఇంకో టెస్ట్ పనికొస్తయ్, డాక్టర్‌ను అడగండి.

సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి లెక్క వంగిపోయే, పుట్టుకతోని వచ్చే రక్త జబ్బు) ఉన్నోళ్లకు కూడా హెచ్‌బీఏ1సీ నమ్మకానికి రాదు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ దిక్కు కోయ, గోండు కుటుంబాలల్ల ఈ జబ్బు కనిపిస్తది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, దాని కింద ఆదివాసీ ప్రాంతాలల్ల టెస్టులు చేసి కార్డులు ఇస్తున్నరు. ఆ కార్డు ఉంటే ల్యాబ్‌ల చూపెట్టండి, షుగర్ డాక్టర్‌కూ చూపెట్టండి, కంటి డాక్టర్‌కూ చూపెట్టండి.

ఇంకోటి, హిమోగ్లోబిన్ బాగా పడిపోతే అదే రెటీనాకు దెబ్బ. రక్తహీనత తీవ్రంగా ఉంటే షుగర్ లేకున్నా రెటీనా మీద రక్తపు మరకలు వస్తయ్, షుగర్ ఉన్నోళ్లకైతే ఉన్న జబ్బు ఇంకా ముదురుతది. అమ్మకు 7, 8 గ్రాములు ఉందంటే "ఆడోళ్లకు మామూలే" అని ఇంటికి తీసుకపోవుడు మంచిది కాదు.

స్టెప్ 4: క్రియాటినిన్‌తోపాటు మూత్రం టెస్ట్

మూత్రం రక్తం కాదని తెలుసు, అయినా ఇది లేకుండ లెక్క పూర్తి కాదు. కిడ్నీల వడగట్టే నాళాలు, రెటీనాల నాళాలు రెండూ సన్నగనే ఉంటయ్, షుగర్, బీపీ రెండింటినీ ఒక్కతీరుగ కొడుతయ్. మూత్రంల ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి అని ఒక టెస్ట్ ఉంటది, 30 లోపల ఉంటే మంచిది, 30 నుంచి 300 మధ్యల ఉంటే కిడ్నీ మీద దెబ్బ మొదలైనట్టు అనుమానించాలె, జ్వరం ఉన్నప్పుడు, మూత్రంల ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా పెరుగుతది కాబట్టి మళ్లొకసారి చేసి నిర్ధారిస్తరు. రక్తంల క్రియాటినిన్‌ను బట్టి ఈజీఎఫ్ఆర్ అని, అంటే కిడ్నీ ఎంత మంచిగ వడగడుతుందో, లెక్క కడుతరు, అది మూడు నెలలకు పైగా 60 లోపలే ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క.

మూత్రంల ఆల్బుమిన్ పెరిగింది, రెటీనా మాత్రం ఇప్పటిదాకా చూపెట్టుకోలే అంటే ఆ నెలలనే పోండి. ఇది ఉల్టా కూడా పనిచేస్తది, టైప్ 2 షుగర్ ఉన్నోళ్లకు కిడ్నీ చెడింది, రెటీనా చూస్తే శుభ్రంగ ఉంది అంటే కిడ్నీ డాక్టర్‌కు అనుమానం రావాలె, ఇది షుగర్ వల్లేనా వేరే కారణం ఏమన్నా ఉందా అని. అంటే కంటి రిపోర్ట్ కిడ్నీ డాక్టర్‌కు కూడా కావాలె.

స్టెప్ 5: కొలెస్ట్రాల్, బీపీ

ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంల ఇంకో రకం కొవ్వు) ఎక్కువుంటే రెటీనాల లీకైన చోట పసుపుపచ్చ కొవ్వు మరకలు పేరుకునే అవకాశం పెరుగుతది, అవి సరిగ్గా చూపు మధ్యల వస్తే చదువుడు కష్టం. ఫెనోఫైబ్రేట్ అనే ట్రైగ్లిజరైడ్ మాత్ర తీసుకున్న షుగర్ పేషెంట్లకు కంటి లేజర్ అవసరం తగ్గిందని 2007ల ఫీల్డ్ అనే అధ్యయనం చెప్పింది, అట్లని మెడికల్ షాపుల కొనుక్కొని వేసుకోకుండ్రి, కిడ్నీ చూసి డాక్టర్ రాయాల్సిన మందు అది. బీపీ ల్యాబ్ రిపోర్ట్ల ఉండది, మీరే ఆ కాగితం మీద రాసుకోవాలె, రెటీనాకు షుగర్ తర్వాత పెద్ద శత్రువు అదే.

స్టెప్ 6: షుగర్ లేదు కదా అని ఊకోకుండ్రి

వానాకాలం వచ్చిందంటే మా వరంగల్ దిక్కు డెంగీ. ప్లేట్లెట్లు ఎన్నున్నయ్ అని రోజుకు రెండు సార్లు అడుగుతరు, కంటి సంగతి ఎవ్వరూ అడగరు. జ్వరం మొదలైన వారం చుట్టూ, ప్లేట్లెట్లు బాగా పడిపోయిన టైంల, కొందరికి చూపు మధ్యల మచ్చ లెక్క కనిపిస్తది లేకపోతే మసక వస్తది. అది నీరసం కాదు, రెటీనా మధ్యభాగం వాచుడు వల్ల కావొచ్చు, ప్లేట్లెట్లు పెరిగినయ్ డిశ్చార్జ్ అయినం అని వదిలేయకుండ కంటి డాక్టర్‌కు చూపెట్టాలె.

సికిల్ సెల్ ఉన్న పిల్లలకు పదేండ్ల వయసు నుంచి ఏడాదికో రెండేండ్లకో ఒకసారి చుక్కలతోని కంటిపాప పెద్దది చేసి రెటీనా చూపియ్యాలె, పిల్లగాడు మంచిగ చూస్తున్నా సరే. సీబీపీల తెల్ల కణాలు వేలల్ల కాకుండ లక్షల్లకు పోతే రక్త క్యాన్సర్ అనుమానిస్తరు, అండ్ల కూడా రెటీనా మీద రక్తపు మరకలు ఉండొచ్చు. 50 దాటినోళ్లకు కొత్తగ కణతల దగ్గర నొప్పి, నమిలితే దవడ నొప్పి, దాంతోపాటు చూపు మసకబారితే ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్ల వాపు ఉందా అని చూసే రక్త పరీక్షలు) అదే రోజు చేయించాలె, మా దగ్గర ఇది అరుదే కానీ ఆలస్యమైతే చూపు మళ్ల రాదు.

స్టెప్ 7: అక్కర్లేని టెస్టులకు పైసలు పెట్టొద్దు

ల్యాబ్‌ల పనిచేసుకుంటనే చెప్తున్న. సీబీపీల న్యూట్రోఫిల్, లింఫోసైట్ (రెండు రకాల తెల్ల కణాలు) నిష్పత్తి పెరిగితే రెటీనా జబ్బు ఉన్నట్టు అని యూట్యూబ్‌ల వీడియోలు చూసి వస్తున్నరు. దాని మీద, రక్తంల దొరికే వీఈజీఎఫ్, మైక్రో ఆర్‌ఎన్‌ఏ లాంటి పదార్థాల మీద పరిశోధన నడుస్తున్న మాట నిజమే, అయితే ఒక మనిషికి రెటీనా జబ్బు ఉందా లేదా అని వాటిని చూసి తేల్చరు. ఆ పైసలు కంటి పరీక్షకు పెట్టండి.

స్టెప్ 8: కాగితం పట్టుకొని కంటి దవాఖానకు

టైప్ 2 షుగర్ అని తెలిసిన వెంటనే ఒకసారి రెటీనా చూపెట్టాలె, ఎందుకంటే మనకు తెల్వకుండనే షుగర్ ఎన్నో ఏండ్ల నుంచి ఉండి ఉండొచ్చు. టైప్ 1 అయితే ఐదేండ్ల లోపల మొదలుపెట్టాలె. ఆ తర్వాత ఏడాదికోసారి, జబ్బు ఉంటే డాక్టర్ చెప్పినట్టు ఇంకా దగ్గర దగ్గరగ. షుగర్ ఉన్న ఆడబిడ్డ కడుపుతోని ఉంటే మొదటి మూడు నెలల్లనే చూపియ్యాలె, గర్భంల ఇది జల్ది ముదురుతది.

వరంగల్‌ల సర్కారు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌ల సరోజినీ దేవి ఉంది, ప్రైవేట్‌ల రెటీనా డాక్టర్లు ఉన్నరు. ఎక్కడికి పోయినా "అద్దాల కోసం కాదు, రెటీనా చూడాలె" అని చెప్పండి. 2018ల, మళ్ల 2023ల కంటి వెలుగు క్యాంపులల్ల అద్దాలు తెచ్చుకున్నోళ్లు చాలామంది "మా కండ్లు చూసిండ్రు" అంటరు, అద్దాల నంబర్ చూసుడు వేరే, రెటీనా చూసుడు వేరే. కంట్ల చుక్కలు వేసినంక నాలుగైదు గంటలు మసకగ ఉంటది, ఎండ కొడితే కండ్లు తెరవలేరు, కాబట్టి నర్సంపేట నుంచో పరకాల నుంచో బండి మీద ఒక్కరే రాకుండ్రి, ఒకరిని తోలుకొని రండి. డాక్టర్‌కు ఆ ఒక్క కాగితం ముందే ఇయ్యండి. బయటికొచ్చేటప్పుడు రెటీనాల జబ్బు ఉందా, ఏ దశల ఉంది, మధ్యభాగంల వాపు ఉందా, మళ్ల ఎప్పుడు రావాలె, ఈ నాలుగు రాయించుకొని షుగర్ డాక్టర్‌కు చూపెట్టండి.

స్టెప్ 9: ఇవి కనిపిస్తే ఏ రిపోర్ట్ కోసం ఆగొద్దు

ఒక్కసారిగ చూపు పోయినా, కండ్ల ముందట నల్ల చుక్కలు వాన లెక్క రాలినా, మెరుపులు కొట్టినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా అదే రోజు రెటీనా డాక్టర్ ఉన్న దవాఖానకు పోవాలె. ల్యాబ్ పొద్దున తెరిచేదాకా చూద్దాం, పరగడుపున టెస్ట్ చేయించి అటెన్క పోదాం అనుకోవద్దు. ఏటూరునాగారం, మహదేవ్‌పూర్ అంత దూరం నుంచి వచ్చేటోళ్లు బయలుదేరే ముందు ఫోన్ చేసి ఇయ్యాళ రెటీనా డాక్టర్ ఉన్నరా అని కనుక్కోండి, లేరంటే ఇంకో దవాఖానకు ఫోన్ చేయండి.